లినక్స్ డెస్క్‌టాప్‌లో ప్రింటర్ లోపాలు, వాడుక సౌలభ్యం: వికారాబాద్, తాండూరు నేపథ్యం

లినక్స్ నడిచే కంప్యూటర్ నుంచి ప్రింటు తీసేటప్పుడు తలెత్తే లోపాన్ని వ్యవస్థ ఎలా పసిగడుతుంది, ఎదుట కూర్చున్న మనిషికి ఎలా చెబుతుంది, లోపం తీరాక ఆగిన పనిని ఎలా నడిపిస్తుంది అనే మూడు విషయాలూ ఈ అంశం కిందికి వస్తాయి. కాగితం అయిపోవడం, ఇరుక్కోవడం, టోనర్ తగ్గడం, మూత సరిగా పడకపోవడం, కేబుల్ ఊడటం యంత్రం వైపు లోపాలు. డ్రైవర్ లేకపోవడం, ఫైలును ప్రింటర్ భాషలోకి మార్చే ప్రోగ్రాం కూలిపోవడం, క్యూ ఆగిపోవడం కంప్యూటర్ వైపు లోపాలు. వాడేవారికి ఈ తేడా ఏమీ కనబడదు. వారికి తెలిసేది ఒక్కటే, ప్రింటు రావడం లేదు. ప్రింటర్‌కు తెలిసిన కారణం మనిషి దాకా చేరకుండా మధ్యలోనే ఎక్కడో ఆగిపోవడమే లినక్స్ ప్రింటింగ్‌లో మొదటి నుంచీ ఉన్న అసలు సమస్య.

వికారాబాద్ జిల్లాలో ఈ విషయం ఎందుకు ముఖ్యం

2016 అక్టోబరు 11న రంగారెడ్డి, మహబూబ్‌నగర్ జిల్లాల భాగాలతో వికారాబాద్ జిల్లా ఏర్పడింది. జిల్లా కేంద్రం వికారాబాద్. వాడీ వైపు వెళ్లే రైలు మార్గంలో అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరాన కర్ణాటక సరిహద్దు దగ్గర తాండూరు ఉంది. జిల్లాలో పెద్ద వ్యాపార కేంద్రం అదే.

ప్రభుత్వ పనిలో లినక్స్ డెస్క్‌టాప్ రోజూ కనబడే చోటు న్యాయస్థానం. 2007లో మొదలైన ఈ-కోర్ట్స్ ప్రాజెక్టులో సుప్రీంకోర్టు ఈ-కమిటీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకుంది. దేశంలోని జిల్లా, తాలూకా స్థాయి కోర్టులకు ఉబుంటు లినక్స్‌ను ఇచ్చి, న్యాయాధికారులకు, సిబ్బందికి దానిపైనే శిక్షణ ఇప్పించింది. కేసుల వివరాలు నమోదు చేసే సీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్‌ను పుణెలోని జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం తయారు చేసింది. 2022 జూన్ 2న తెలంగాణలో కొత్త న్యాయ జిల్లాలు ప్రారంభమయ్యాయి, వికారాబాద్‌కు సొంత జిల్లా కోర్టు వచ్చింది. తాండూరులోనూ కోర్టు ఉంది. 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 7,210 కోట్ల రూపాయలతో ప్రాజెక్టు మూడో దశకు ఆమోదం తెలిపింది. కాగితం లేని కోర్టు ఆ దశ లక్ష్యాల్లో ఒకటి. అంతవరకూ సమన్లు, నోటీసులు, వారంట్లు, తీర్పు నకళ్లు, రోజువారీ కేసుల జాబితా కాగితం మీదికి రావలసిందే. వాయిదా రోజున నకలు చేతికి అందకపోతే కక్షిదారు ఇంకోసారి బస్సెక్కి రావాలి.

తాండూరు సంగతి వేరు. ఆ పట్టణం నాపరాళ్లకు, సిమెంటుకు, కందులకు పేరు పొందింది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పాలిషింగ్ యూనిట్ నుంచి బండల లోడు కదలాలంటే జీఎస్టీ బిల్లు కావాలి, 2018 ఏప్రిల్ నుంచి ఈ-వే బిల్లు కూడా ఉండాలి. కాటా దగ్గర తూకం చీటీ, మార్కెట్ యార్డులో తక్‌పట్టీ అన్నీ ప్రింటర్ నుంచే వస్తాయి. ఈ వ్యాపారుల బల్లల మీద ఎక్కువగా ఉండేది విండోస్. ట్యాలీ లాంటి ఖాతాల సాఫ్ట్‌వేర్ దాని కోసమే తయారైంది. అయితే పాత కంప్యూటర్‌కు లైసెన్స్ ఖర్చు లేకుండా ఇంకొన్నేళ్లు పని కల్పించాలనుకునే చిన్న దుకాణదారుకు, జిరాక్స్ సెంటర్‌కు లినక్స్ మంచి దారి. ఆ దారిలో మొట్టమొదట అడ్డుపడేది ప్రింటరే.

పేపర్ జామ్ నుంచి పుట్టిన ఉద్యమం

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి మూలం ఒక ప్రింటర్ లోపం. 1970ల చివర అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో ఉన్న ప్రింటర్ తరచూ జామ్ అయ్యేది. ప్రింటర్ ఒక గదిలో, వాడేవారు వేరే గదుల్లో ఉండేవారు. రిచర్డ్ స్టాల్‌మన్ దాన్ని నడిపే ప్రోగ్రాంను సవరించి, ప్రింటర్ ఇబ్బందిలో పడగానే క్యూలో పని ఉన్న అందరి తెరల మీదా కబురు పడేలా చేశాడు. జామ్‌ను ఆయన ఆపలేదు. ఆగిందన్న వార్తను సంబంధించినవారికి చేర్చాడు, వారిలో ఒకరు వెళ్లి కాగితం లాగేవారు. 1980 ప్రాంతంలో జిరాక్స్ సంస్థ కొత్త లేజర్ ప్రింటర్ ఇచ్చింది కాని దాని సోర్సు కోడ్ ఇవ్వలేదు. అదే సౌకర్యాన్ని కొత్త యంత్రానికి జోడించడానికి స్టాల్‌మన్‌కు వీలు లేకపోయింది. కోడ్ దగ్గరున్న మరో విశ్వవిద్యాలయ పరిశోధకుడు, రహస్య ఒప్పందం ఉందంటూ ఇవ్వనన్నాడు. 1983 సెప్టెంబరులో గ్నూ ప్రాజెక్టు ప్రకటన వెనుక ఉన్న కారణాల్లో ఈ అనుభవం ఒకటని ఆయనే చెబుతూ వచ్చాడు. నలభై ఏళ్లు దాటినా ఆయన ఆనాడు చేసిన పనే లినక్స్ డెస్క్‌టాప్‌కు నేటికీ కొలమానం: లోపం ఎవరికి తెలియాలో వారికి, తెలియాల్సిన వేళకు తెలియాలి.

యునిక్స్‌లో ప్రింటింగ్ రెండు దారుల్లో సాగింది. బర్క్‌లీ శాఖలో ఎల్‌పీడీ, ఏటీ అండ్ టీ శాఖలో ఎల్‌పీ. లినక్స్ మొదట ఎల్‌పీడీనే తీసుకుంది. అందులో పనులను వరుసలో పెట్టడం తప్ప ప్రింటర్ బాగోగులు అడిగే ఏర్పాటు దాదాపు లేదు. పైగా లినక్స్ కెర్నల్‌లోని సమాంతర పోర్టు ప్రోగ్రాం మూడే మాటలు చెప్పేది: కాగితం లేదు, ఆఫ్‌లైన్‌లో ఉంది, మంటల్లో ఉంది. మూడోది పాత యునిక్స్ కాలం నుంచి వచ్చిన వాక్యం. లోపం ఉంది గాని అదేమిటో తెలియదనడానికి అలా రాశారు. ప్రింటర్ నుంచి అంతకుమించిన సమాచారం వచ్చేది కాదు కాబట్టి ఆ ప్రోగ్రామర్లను తప్పుపట్టలేం.

1997లో మైఖేల్ స్వీట్ మొదలుపెట్టి 1999లో విడుదల చేసిన కప్స్ అనే ముద్రణ వ్యవస్థ ఈ పరిస్థితిని మార్చింది. ఇది ఐపీపీ అనే ఇంటర్నెట్ ప్రింటింగ్ ఒడంబడిక మీద నిలబడింది. 2002లో ఆపిల్ తన మ్యాక్ ఓఎస్ ఎక్స్ 10.2లో కప్స్‌ను వాడింది, 2007లో దాని హక్కులు కొని స్వీట్‌ను ఉద్యోగంలోకి తీసుకుంది. ఆయన 2019 చివర ఆపిల్‌ను వదిలాక లినక్స్ ఫౌండేషన్ గొడుగు కింది ఓపెన్‌ప్రింటింగ్ బృందం కప్స్ బాధ్యత తీసుకుని, 2021లో 2.4 సంచికను తెచ్చింది. ఆ బృందాన్ని నడిపించే టిల్ కాంప్‌టర్ పాతికేళ్లుగా లినక్స్ ప్రింటింగ్ మీదే పనిచేస్తున్న వ్యక్తి.

లోపం నడిచే దారి

ప్రింట్ బొత్తాం నొక్కినప్పటి నుంచి కాగితం బయటికి వచ్చేదాకా పని చాలా చేతులు మారుతుంది. అప్లికేషన్ పీడీఎఫ్ తయారు చేసి కప్స్ సేవకు అప్పగిస్తుంది. కప్స్ దాన్ని క్యూలో పెట్టి, ఫిల్టర్లనే చిన్న ప్రోగ్రాముల వరుస గుండా పంపిస్తుంది. అవి పేజీల్ని సర్ది, చుక్కల బొమ్మగా మార్చి, ఆ ప్రింటర్‌కు అర్థమయ్యే భాషలోకి తెస్తాయి. చివర బ్యాక్‌ఎండ్ అనే ప్రోగ్రాం యూఎస్‌బీ తీగ ద్వారానో నెట్‌వర్క్ ద్వారానో యంత్రానికి చేరవేస్తుంది. లోపం వీటిలో ఎక్కడైనా పుట్టవచ్చు, పుట్టినచోటి నుంచి వెనక్కి తెర దాకా నడిచి రావాలి.

ఆ నడకలో మొదటి ఇరుకు యూఎస్‌బీ తీగలోనే ఉంది. యూఎస్‌బీ ప్రింటర్ ప్రమాణం ప్రకారం కంప్యూటర్ స్థితి అడిగితే ప్రింటర్ ఒక్క బైటు తిరిగి పంపిస్తుంది. అందులో అర్థమున్న బిట్లు మూడే: కాగితం ఉందా లేదా, ప్రింటర్ సిద్ధంగా ఉందా, లోపం ఏమైనా ఉందా. పాత సమాంతర పోర్టు నుంచి వచ్చిన వారసత్వం ఇది. మూత తెరిచినా, కాగితం నలిగి రోలర్ కింద ఇరుక్కున్నా, కార్ట్రిడ్జ్ సరిగా కూర్చోకపోయినా ఈ బైటులో పడేది ఒకే బిట్టు. అంతకుమించి తెలియాలంటే తయారీదారు సొంత భాషలో అడగాలి, ఆ భాష తెలిసిన డ్రైవర్ ఉండాలి. నెట్‌వర్క్ ప్రింటర్లు ఈ విషయంలో ముందున్నాయి. అవి ఎస్ఎన్ఎంపీ పద్ధతిలో కాగితం తక్కువ, కాగితం లేదు, టోనర్ తక్కువ, టోనర్ లేదు, తలుపు తెరిచి ఉంది, జామ్, ఆఫ్‌లైన్, సర్వీసు కావాలి వంటి రకాలుగా విడదీసి చెబుతాయి. ఐపీపీ ఇంకా వివరంగా చెబుతుంది. అందుకే కొత్త ప్రింటర్ కొనే ఆఫీసు, ధరలో కొంత తేడా ఉన్నా, నెట్‌వర్క్ సౌకర్యం ఉన్న మోడల్ తీసుకోవడం మేలు. ఒకే ప్రింటర్‌ను నలుగురు పంచుకోవచ్చు. జామ్ అయిందో, మూత తెరుచుకుందో నలుగురి తెరల మీదా విడివిడిగా కనబడుతుంది.

రెండో ఇరుకు ఫిల్టర్ల దగ్గర. ఏ ఫిల్టర్ కూలినా కప్స్ తెరకు పంపేది ‘ఫిల్టర్ ఫెయిల్డ్’ అన్న ఒకే మాట. ఫైలు చెడిపోయిందా, డ్రైవర్‌కు కావలసిన భాగం ఇన్‌స్టాల్ కాలేదా, డిస్కు నిండిపోయిందా అన్నది అందులో లేదు. అసలు కారణం కప్స్ ఎర్రర్ లాగ్ ఫైలులో ఉంటుంది, అదీ వివరంగా నమోదు చేయమని ముందే చెప్పి ఉంచితేనే. మామూలుగా హెచ్చరికలు, లోపాలు మాత్రమే అందులో పడతాయి. వివరాలు కావాలంటే డీబగ్ లాగింగ్‌ను ఆన్ చేసి, అదే పనిని మళ్లీ పంపి చూడాలి. లినక్స్ తెలిసినవారికి ఇది ఐదు నిమిషాల పని. కోర్టు రికార్డు అసిస్టెంట్‌నో బిల్లు కొట్టే గుమస్తానో ఆ పని చేయమనడం న్యాయం కాదు.

ఆగిపోయిన క్యూ

ఈ అంశంలో అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే గనుక కొంత వివరంగా చూడాలి.

బ్యాక్‌ఎండ్ తన పని ముగిసే ముందు కప్స్‌కు ఒక అంకె చెప్పి వెళ్తుంది. సున్నా అయితే పని పూర్తయింది. ఒకటి అయితే విఫలమైంది, నాలుగు అయితే ప్రింటర్‌ను ఆపేయాలి, ఆరు అయితే తర్వాత మళ్లీ ప్రయత్నించాలి. విఫలమైనప్పుడు ఏం చేయాలన్నది ‘ఎర్రర్ పాలసీ’ అనే అమరిక నిర్ణయిస్తుంది. ఆ పనిని రద్దు చేయవచ్చు, కాసేపాగి మళ్లీ ప్రయత్నించవచ్చు, వెంటనే ప్రయత్నించవచ్చు, ప్రింటర్ క్యూనే నిలిపివేయవచ్చు. కప్స్ మూల సంచికలో అప్రమేయంగా ఉన్నది చివరిది. పెద్ద కార్యాలయంలో నిర్వాహకుడు రోజంతా కనిపెట్టుకుని ఉండే రోజుల్లో అది సబబే. పనులు పోకుండా క్యూలో భద్రంగా ఉంటాయి, నిర్వాహకుడు వచ్చి సరిచేసి కదిలిస్తాడు. నిర్వాహకుడే లేని బల్ల దగ్గర మాత్రం అదే అమరిక పీడగా మారుతుంది.

తాండూరులాంటి చోట ఒక మధ్యాహ్నం ఏం జరుగుతుందో ఊహించవచ్చు. కరెంటు పోతుంది, వస్తుంది. ప్రింటర్ మళ్లీ లేచేలోగా ఒక పని విఫలమవుతుంది, కప్స్ క్యూను నిలిపివేస్తుంది. ప్రింటర్ మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది, కాగితం ఉంది, కేబుల్ ఉంది. ఆఫీసులోవారు మళ్లీ ప్రింట్ కొడతారు. రాదు. మళ్లీ కొడతారు. కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తారు. నిలిపివేసిన క్యూ రీస్టార్ట్ తర్వాత కూడా నిలిచే ఉంటుంది, ఆ స్థితి డిస్కు మీద రాసి ఉంటుంది కాబట్టి. చివరికి తెలిసినవారెవరో ఫోనులో చెప్పి క్యూను కదిలించగానే అప్పటిదాకా కొట్టిన ప్రతులన్నీ ఒకదాని వెనుక ఒకటి వచ్చిపడతాయి. కాగితం వృథా కావడం అందులో చిన్న నష్టం. సంతకాలు పడవలసిన పత్రం నాలుగు ప్రతులై బల్ల మీద పడి ఉండటం కోర్టులోనైనా, రిజిస్ట్రేషన్ దగ్గరైనా ఇంకా ఇబ్బంది.

దీనికి మందు లేకపోలేదు. డెబియన్, దాని నుంచి వచ్చిన ఉబుంటు ఈ అమరికను ‘మళ్లీ ప్రయత్నించు’గా మార్చి ఇస్తున్నాయి. ఆ అమరికలో కప్స్ అప్రమేయంగా ముప్పై సెకన్లకోసారి చొప్పున ఐదుసార్లు ప్రయత్నిస్తుంది. వేరే లినక్స్ పంపిణీ (డిస్ట్రిబ్యూషన్) వాడేవారు కప్స్ వెబ్ పేజీలో, అంటే బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 631 పోర్టు చిరునామాలో, ప్రింటర్‌ను ఎంచుకుని డిఫాల్ట్ ఆప్షన్ల కింద ఎర్రర్ పాలసీ మార్చుకోవచ్చు. ఇప్పటికే ఆగిపోయిన క్యూను అదే పేజీలో ‘రెజ్యూమ్ ప్రింటర్’తో కదిలించవచ్చు. టెర్మినల్ అలవాటున్నవారికి ఎల్‌పీస్టాట్ ఆదేశం స్థితి చూపిస్తుంది, కప్స్‌ఎనేబుల్ ఆదేశం క్యూను తెరుస్తుంది, క్యాన్సిల్ ఆదేశం మిగిలిపోయిన ప్రతుల్ని తీసేస్తుంది. తీసేయడం ముందు, తెరవడం తర్వాత. వరుస తప్పితే పాత ప్రతులన్నీ బయటికి వస్తాయి.

ఇక్కడ ఇంకో చిక్కుముడి ఉంది. క్యూను కదిలించడానికి నిర్వాహక హక్కు కావాలి. భద్రత దృష్ట్యా పాస్‌వర్డ్ అడగడం సరైనదే. కాని ప్రభుత్వ కార్యాలయంలో పాస్‌వర్డ్ ఉండేది సాంకేతిక సిబ్బంది దగ్గర, ప్రింటర్ ఉండేది గుమస్తా దగ్గర. ఆగిన క్యూను తిరిగి తెరవడం వరకైనా రోజూ ఆ ప్రింటర్ వాడే వ్యక్తికి హక్కు ఇవ్వాలి. ఉబుంటులో ఆ వాడుకరిని ఎల్‌పీఅడ్మిన్ సమూహంలో చేర్చితే చాలు, మొత్తం కంప్యూటర్ మీద అధికారం ఇవ్వనవసరం లేదు.

మన బల్లల మీది ప్రింటర్లు

దేశమంతటా చిన్న ఆఫీసుల్లో, జిరాక్స్ సెంటర్లలో ఏళ్ల తరబడి కనిపించిన రెండు లేజర్ ప్రింటర్లు హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, క్యానన్ ఎల్‌బీపీ 2900. చిన్నవి, గట్టివి. ఒకే రకం రీఫిల్ కార్ట్రిడ్జ్‌తో రెండూ నడుస్తాయని మెకానిక్‌లు ఇష్టపడతారు. లినక్స్‌లో రెండింటిదీ ప్రత్యేకమైన కథ.

లేజర్‌జెట్ 1020లో తయారీ ఖర్చు తగ్గించడానికి ఫర్మ్‌వేర్‌ను, అంటే యంత్రాన్ని లోపలి నుంచి నడిపే ప్రోగ్రాంను, శాశ్వతంగా ఉంచలేదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే దాన్ని పంపాలి. విండోస్ డ్రైవర్ ఈ పని నిశ్శబ్దంగా చేసేస్తుంది. లినక్స్‌లో ఆ ఫర్మ్‌వేర్ ఫైలు యాజమాన్య హక్కుల కిందిది కాబట్టి పంపిణీలతో రాదు. హెచ్‌పీ సంస్థ ఇచ్చే హెచ్‌పీలిప్ సాఫ్ట్‌వేర్‌కు అదనపు ప్లగిన్ దించుకోవాలి, లేదా రిక్ రిచర్డ్‌సన్ రాసిన స్వేచ్ఛా డ్రైవర్‌తో పాటు ఫర్మ్‌వేర్ ఫైలును విడిగా తెచ్చుకోవాలి. ప్లగిన్ సంచిక, హెచ్‌పీలిప్ సంచిక ఒకటే కావాలన్నది ఇంకో షరతు. సిస్టమ్ అప్‌డేట్ అయ్యి హెచ్‌పీలిప్ మాత్రమే కొత్తదైతే, నిన్నటిదాకా పనిచేసిన ప్రింటర్ ఇవాళ పలకదు. ఫర్మ్‌వేర్ అందని 1020 లోపమేమీ చూపదు, పని తీసుకున్నట్టే ఉండి ఊరుకుంటుంది. యంత్రం మీద ఉన్నవి రెండు లైట్లే, అక్షరాలు చూపే తెర లేదు. కాబట్టి కారణం చెప్పవలసింది కంప్యూటర్ తెరే.

ఎల్‌బీపీ 2900 క్యాప్ట్ అనే క్యానన్ సొంత భాషలో మాట్లాడుతుంది. పేజీని సిద్ధం చేసే భారమంతా కంప్యూటర్ మీదే ఉంటుంది, ఆ భాష వివరాలను సంస్థ బయట పెట్టలేదు. క్యానన్ ఇచ్చిన లినక్స్ డ్రైవర్‌లో నేపథ్యంలో నడిచే ఒక సేవ ఉంటుంది. దానికి 32-బిట్ పాత లైబ్రరీలు కావాలి. స్థితి చూపే చిన్న కిటికీ కూడా వారే ఇచ్చారు. అది నడిచినప్పుడు కాగితం, జామ్ వివరాలు బాగానే చెబుతుంది. కొత్త ఉబుంటు సంచికల్లో దాన్ని నిలబెట్టడమే కష్టం. స్వచ్ఛంద ప్రోగ్రామర్లు ఆ భాషను బయటి నుంచి పరిశీలించి క్యాప్ట్‌డ్రైవర్ అనే స్వేచ్ఛా ప్రత్యామ్నాయం రాశారు. సంస్థ సహకారం లేకుండా చేసిన ఆ కృషి గొప్పది. 

కాటాల దగ్గర, బిల్లు కౌంటర్ల దగ్గర నడిచే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు, టీవీఎస్, ఎప్సన్ రకాలు, లినక్స్‌తో చాలావరకు సఖ్యంగా ఉంటాయి. వాటి ఎస్కేప్ భాష అందరికీ తెలిసినదే. లోపాలు చెప్పడం మాత్రం ఆ మూడు బిట్ల దగ్గరే ఆగుతుంది. ఇక లేజర్‌జెట్ 1020లో వాడే 12ఏ రకం కార్ట్రిడ్జ్‌లో చిప్ ఉండదు కాబట్టి దాని టోనర్ అయిపోవస్తున్న సంగతి ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు. అక్షరం వెలిసిపోవడం కంటికి కనబడితేనే తెలిసేది.

లోపమని చెప్పకుండానే తప్పుగా రావడం

కొన్ని తప్పులకు హెచ్చరిక కూడా ఉండదు. కాగితం కొలత వాటిలో మొదటిది. ఏ4 అంటే 210 బై 297 మిల్లీమీటర్లు. అమెరికన్ లెటర్ 216 బై 279, లీగల్ 216 బై 356. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు భాషను అమెరికన్ ఇంగ్లిష్‌గా వదిలేస్తే లినక్స్ చాలాచోట్ల లెటర్ కొలతనే అప్రమేయంగా తీసుకుంటుంది. అప్పుడు కొన్ని ప్రింటర్లు ట్రేలో నిండుగా ఏ4 ఉన్నా ‘కాగితం పెట్టండి’ అని ఆగుతాయి, కొన్ని పేజీ అడుగు వరుసల్ని కోసేస్తాయి. దస్తావేజులకు, కోర్టు పత్రాలకు లీగల్ కాగితం వాడే అలవాటు మన దగ్గర పాతది. సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ నుంచి ఏ4 రెండువైపుల ముద్రణకు మారింది. రెండు కొలతలూ చెలామణిలో ఉన్న చోట, ఏ కాగితం పెట్టమని ప్రింటర్ అడుగుతున్నదో తెర మీద పేరుతో చెప్పడం తప్పనిసరి. ఉత్తినే కాగితం లేదంటే నిండుగా ఉన్న ట్రేను పదిసార్లు లాగి చూస్తారు.

రెండోది తెలుగు అక్షరం. యూనికోడ్‌లో టైపు చేసిన పాఠం ఇప్పుడు సరిగానే అచ్చవుతుంది. అక్షర రూపాలు పీడీఎఫ్‌లోనే ఇమిడిపోతాయి కాబట్టి ప్రింటర్‌కు తెలుగు తెలియనవసరం లేదు. లోహిత్, నోటో, పోతన, వేమన ఖతులు లినక్స్‌లో చక్కగా పనిచేస్తాయి. చిక్కల్లా డీటీపీ కేంద్రాల్లో అను ఖతులతో తయారైన ఫైళ్లతో వస్తుంది. అవి యూనికోడ్ కావు. ఆ ఖతి లేని కంప్యూటర్‌లో తెరిచి ప్రింట్ కొడితే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. ఖతి లేదని వ్యవస్థకు తెలుసు. తెలిసినా చెప్పదు, వేరే ఖతి పెట్టి పని కానిచ్చేస్తుంది. ముద్రణకు ముందు ఒక్క వాక్యంలో హెచ్చరిస్తే ఎన్నో పేజీలు మిగులుతాయి.

డెస్క్‌టాప్ చేసిన మరమ్మతులు

2004 ఫిబ్రవరిలో ఎరిక్ రేమండ్ అనే ప్రసిద్ధ ప్రోగ్రామర్, ఇంట్లో మరో కంప్యూటర్‌కు తగిలించిన ప్రింటర్‌ను కప్స్ ద్వారా వాడుకోబోయి పడ్డ పాట్లను ‘ది లగ్జరీ ఆఫ్ ఇగ్నోరెన్స్’ అన్న వ్యాసంలో వివరంగా రాశాడు. నిపుణుడికే దారి దొరకకపోతే మామూలు మనిషి గతేమిటన్నది ఆయన ప్రశ్న. ఆ విమర్శ ఫలించింది. రెడ్ హ్యాట్‌లో టిమ్ వా రాసిన సిస్టమ్-కాన్ఫిగ్-ప్రింటర్ అనే పనిముట్టును ఫెడోరా, ఆ తర్వాత ఉబుంటు స్వీకరించాయి. దానిలోని ట్రబుల్‌షూటర్ ఒక మెకానిక్ అడిగినట్టే వరసగా అడుగుతుంది: ఏ ప్రింటర్, క్యూ తెరిచి ఉందా, పరీక్ష పేజీ వచ్చిందా. కావాలంటే డీబగ్ లాగింగ్‌ను అదే ఆన్ చేసి, పరీక్ష అయ్యాక ఆపేస్తుంది. లినక్స్ ప్రింటింగ్‌లో ఇంత మనిషితనం ఉన్న సాధనం మరొకటి రాలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఇప్పటి గ్నోమ్ సెట్టింగ్స్‌లో ప్రింటర్ల పేజీ ఇంతకంటే అందంగా ఉంటుంది, టోనర్ తక్కువ, మూత తెరిచి ఉంది లాంటి స్థితుల్ని చూపిస్తుంది కాని, అంత లోతుగా ఆరా తీయదు. కేడీఈలో విడిగా ప్రింట్ మేనేజర్ ఉంది.

కొత్త దారి డ్రైవర్ లేని ముద్రణ. 2010లో ఆపిల్ తెచ్చిన ఎయిర్‌ప్రింట్, 2013 నాటి ఐపీపీ ఎవ్రీవేర్ ప్రమాణాల వల్ల ప్రింటరే తన సామర్థ్యాలను, స్థితిని నేరుగా చెప్పుకుంటుంది. ఐపీపీ-యూఎస్‌బీ అనే ప్రోగ్రాం ఇదే సంభాషణను యూఎస్‌బీ తీగ మీద కూడా సాధ్యం చేసింది. దాన్ని సమర్థించే కొత్త ప్రింటర్‌కు మూడు బిట్ల ఇరుకు ఉండదు. రాబోయే కప్స్ 3లో పాత తరహా డ్రైవర్లకు చోటు లేదు. పాత యంత్రాల కోసం ‘ప్రింటర్ అప్లికేషన్’ అనే విడి ప్రోగ్రాములు ఉంటాయి. మన బల్లల మీది 1020లు, 2900లు అప్పటికీ బతికే ఉంటాయి కాబట్టి వాటికి ఆ ప్రోగ్రాములు సకాలంలో రావడం ఈ ప్రాంతానికి ముఖ్యం. నెట్‌వర్క్‌లోని ప్రింటర్లను తనంత తానే వెతికే సౌలభ్యానికి మూల్యం కూడా ఉంది. 2024 సెప్టెంబరులో కప్స్-బ్రౌజ్డ్ అనే భాగంలో తీవ్రమైన భద్రతా లోపాలు బయటపడ్డాయి. యూఎస్‌బీ ప్రింటర్ ఒక్కటే వాడే చోట ఆ సేవను ఆపివేయడం వల్ల నష్టం లేదు.

తెలుగులో చెప్పగలిగిన లోపం, చెప్పలేని లోపం

లోపాన్ని ఐపీపీ రెండు విధాలుగా పంపుతుంది. ఒకటి ప్రమాణంలో నిర్ణయించిన సంకేత పదం: మీడియా-ఎంప్టీ, మీడియా-జామ్, డోర్-ఓపెన్, టోనర్-లో, మీడియా-నీడెడ్. రెండోది ఫిల్టరో డ్రైవరో తనకు తోచినట్టు రాసి పంపే ఇంగ్లిష్ వాక్యం. సంకేత పదం వస్తే డెస్క్‌టాప్ తన దగ్గరున్న తెలుగు వాక్యాన్ని చూపగలదు. సొంత వాక్యం వస్తే దాన్ని ఉన్నదున్నట్టు తెర మీద పెట్టడం తప్ప చేయగలిగింది లేదు. తెలుగు డెస్క్‌టాప్ వాడేవారికి సగం సందేశాలు తెలుగులో, సగం ఇంగ్లిష్‌లో కనబడటానికి కారణం ఇదే. ఎక్కువ గందరగోళం పెట్టే ‘ఫిల్టర్ ఫెయిల్డ్’ లాంటివన్నీ రెండో రకానివే. డ్రైవర్ రాసేవారు వీలైనచోటల్లా సంకేత పదాన్నే పంపితే ప్రపంచంలోని అన్ని చిన్న భాషలకూ ఒకేసారి మేలు జరుగుతుంది.

తెలుగు వైపు జరిగిన కృషి తక్కువేమీ కాదు. హైదరాబాద్‌లో 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగు లినక్స్ పంపిణీని తయారు చేసింది. సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ తెలుగులోనూ వచ్చింది. గ్నోమ్‌కు, సిస్టమ్-కాన్ఫిగ్-ప్రింటర్‌కు తెలుగు అనువాదాలు ఉన్నాయి. కప్స్‌కు మాత్రం లేదు. దాని వెబ్ పేజీ, దాని ఆదేశాల జవాబులు జర్మన్, స్పానిష్, జపనీస్ వంటి కొన్ని భాషల్లోనే దొరుకుతాయి.

అనువదించేటప్పుడు మాటకు మాట పెట్టి వదిలేస్తే ప్రయోజనం ఉండదు. వాక్యం మూడు సంగతులు చెప్పాలి: ఏమైంది, మీరేం చేయాలి, ఆ తర్వాత ఏమవుతుంది. ‘ట్రేలో కాగితం అయిపోయింది. ఏ4 కాగితం పెట్టండి. మిగిలిన పేజీలు వాటంతట అవే వస్తాయి, మళ్లీ ప్రింట్ నొక్కకండి.’ ఇలా రాస్తే వికారాబాద్ కోర్టు గుమస్తాకైనా, తాండూరు బండల యూనిట్‌లో బిల్లు కొట్టేవారికైనా ఇంకొకరికి ఫోన్ చేసే పని ఉండదు.

కప్స్ వాక్యాల ఫైళ్లు గిట్‌హబ్‌లో ఓపెన్‌ప్రింటింగ్ పేరు మీద అందరికీ అందుబాటులో ఉన్నాయి. అనుమతి పత్రం అక్కరలేదు, రుసుము లేదు. ప్రోగ్రామింగ్ రానివారు కూడా చేయగలిగిన పని అది. తెలుగు మీద పట్టున్న విద్యార్థులు, ఉపాధ్యాయులు, కోర్టుల్లో కంప్యూటర్ పని చూసే సిబ్బంది నలుగురు కలిసి కూర్చుని ఆ ఫైలును తెలుగులోకి తేవాలి.